ఎత్తటం, నిలపటం: ఎడ్లబండి నుండి మోటారు సైకిలు వరకు

చక్రం సాఫీగా తిరుగుతున్నంత కాలం దానిని గురించి ఎవరూ ఆలోచించరు. అది కిర్రుమని మొరాయించినప్పుడో, గాలి పోయి నేలకు అంటుకున్నప్పుడో దానిని ఇరుసు నుండి తీయవలసి వస్తుంది. తీయాలంటే ముందు బండిని ఎత్తాలి. చూడటానికి ఇది చిన్న పనే. కాని వేళ్ళు నలగటం, కాళ్ళు విరగటం, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవటం ఈ చిన్న పనిలో కద్దు.

ఇందుకు కారణం ఎత్తేవారికి బలం చాలకపోవటం కాదు. బరువును ఎత్తటం ఒక పని. ఎత్తిన బరువును కదలకుండా నిలపటం మరొక పని. మొదటిది పూర్తికాగానే రెండవది కూడా పూర్తయినదని భ్రమపడినప్పుడే ప్రమాదం జరుగుతుంది. ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో బండి నడిపినవారు, గని తవ్వినవారు, మోటారు మరమ్మతు చేసినవారు ఈ భేదాన్ని ఎవరి పనిలో వారు నేర్చుకున్నారు. నేడు ఇంటి ముంగిట మోటారు సైకిలు చక్రం విప్పదలచినవారికి కూడా అదే పాఠం పనికివస్తుంది.

కందెన వేసే వేళ

పూర్వపు కరీంనగర్ జిల్లా గోదావరికి దక్షిణాన, ఆదిలాబాదు జిల్లా ఉత్తరాన ఉండేవి. 2016 అక్టోబరులో ఈ రెండూ అనేక జిల్లాలుగా విడిపోయినవి. మోటారు వాహనాలు రాక ముందు ఈ ప్రాంతంలో ధాన్యం, పత్తి, వంటచెరకు అన్నీ ఎడ్లబండ్ల మీదనే సాగేవి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూరులో ఏటా పుష్యమాసంలో జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశపు గోండులు ఎడ్లబండ్లు కట్టుకొని రావటం నేటికీ నిలిచియున్న ఆచారం. 

అట్టి దూర ప్రయాణానికి ముందు బండివాడు చేసే మొదటి పని కందెన వేయటం. ఇరుసు కొన చక్రం నడుమనున్న కుంభిలో దూరి బయటికి వస్తుంది. చక్రం ఊడిపోకుండా ఆ కొనకు కడశీల దిగవేస్తారు. చక్రం తిరిగేటప్పుడు ఇరుసూ కుంభీ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఘర్షణ వల్ల వేడి పుడుతుంది, ఇరుసు అరుగుతుంది, ఎడ్లకు శ్రమ పెరుగుతుంది. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసిన కందెనను ఆ రాపిడి చోట పూస్తే ఘర్షణ తగ్గుతుంది. పూయాలంటే కడశీల తీసి చక్రాన్ని బయటికి జరపాలి. జరపాలంటే ఆ వైపు భారం చక్రం మీద ఉండకూడదు.

తెలిసిన బండివాడు ఈ పనిని ఒక వరుసలో చేస్తాడు. ముందు ఎడ్లను విప్పి దూరంగా కట్టివేస్తాడు. బండిలోని బరువు దించుతాడు. ఎత్తని వైపు చక్రానికి ముందొక రాయి, వెనుకొక రాయి పెడతాడు. అటుపిమ్మట గడ్డపారతో ఇరుసును కొద్దిగా లేపి, దాని కింద దృఢమైన మొద్దు దూర్చుతాడు. గడ్డపారను మెల్లగా వదలి, భారం మొద్దు మీదికి దిగినదని చూచుకొన్న తరువాతనే కడశీలను తట్టి తీస్తాడు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఎత్తినది గడ్డపార, మోస్తున్నది మొద్దు. గడ్డపారను పట్టుకొన్న మనిషి అలసిపోయినా, పిలిస్తే పక్కకు తిరిగినా, చెమట వల్ల చేయి జారినా బండి పడిపోదు.

గడ్డపార లెక్క

తులాదండ నియమాన్ని గణితంగా నిరూపించినవాడు క్రీ. పూ. 3వ శతాబ్దపు గ్రీకు శాస్త్రవేత్త ఆర్కిమిడీసు. బరువులు ఎత్తే సాధనాలన్నీ తులాదండం, కప్పీ, చీలిక, మర, ఇరుసుచక్రం అనే అయిదింటిలో ఇమిడియున్నవని అలెగ్జాండ్రియా వాసి హీరో తన యంత్రశాస్త్ర గ్రంథంలో వివరించాడు. గ్రీకు మూలం చాలావరకు నశించినా, ఆ గ్రంథం అరబ్బీ అనువాదంలో నేటికి మిగిలినది.

బండివాని గడ్డపారకు ఈ నియమాన్ని అన్వయించి చూడవచ్చు. ఇరుసు ఒక వైపు భారం 150 కిలోలు అనుకుందాం. గడ్డపార పొడవు 150 సెంటీమీటర్లు. ఇరుసును తాకే కొన నుండి 15 సెంటీమీటర్ల దూరంలో ఆధారంగా ఒక రాయి పెడితే, చేతివైపు 135 సెంటీమీటర్లు మిగులుతుంది. అంటే చేతివైపు భుజం భారంవైపు భుజానికి 9 రెట్లు. కాబట్టి చేతితో నొక్కవలసినది 150ని 9తో భాగించగా వచ్చే సుమారు 17 కిలోల బలం మాత్రమే. పన్నెండేళ్ళ బాలుడు కూడా దీనిని చేయగలడు.

అయితే ప్రకృతి దేనినీ ఊరకే ఇవ్వదు. ఇరుసు 4 సెంటీమీటర్లు లేవాలంటే చేయి 36 సెంటీమీటర్లు దిగాలి. బలంలో కలిగిన లాభాన్ని దూరంలో చెల్లించాలి. రెండు వైపులా జరిగిన పని ఒక్కటే. ఈ పని ఎక్కడికీ పోలేదు. ఎత్తిన బండిలో స్థితిశక్తిగా నిలిచియున్నది. ఆధారం తొలగితే ఆ శక్తి క్షణంలో తిరిగి వస్తుంది. 17 కిలోల బలంతో నిదానంగా లేపిన ఇరుసు 150 కిలోల బరువుతో ఒక్కసారిగా పడుతుంది. ఎత్తటం సులభమైనది గనుక పడటం కూడా సుతారంగా ఉంటుందనుకోవటం పొరపాటు. ఎత్తే సాధనం ఎంత మంచిదైతే ఈ పొరపాటు అంత సులభంగా జరుగుతుంది.

బొగ్గుగని నేర్పిన పాఠం

1929 నాటికి కాజీపేట నుండి బల్లార్షా వరకు రైలుమార్గం పూర్తయినది. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి దానిపై స్టేషన్లు అయినవి. ఆ కాలంలోనే బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం ప్రారంభమైనది. 1960 ప్రాంతంలో గోదావరి ఆవలి ఒడ్డున రామగుండం వద్ద కూడా గనులు తెరచినారు. సింగరేణి గనుల ఉద్యోగాల కోసం ఈ జిల్లాల పల్లెల నుండి వేలాది మంది వెళ్ళినారు.

భూగర్భంలో బొగ్గు తీసిన చోట పైకప్పు ఖాళీ మీద నిలిచి ఉంటుంది. దానిని ఎవరూ ఎత్తలేదు. అయినా అది దిగకుండా చూడాలి. ఇందుకు నిలువు దుంగలు నాటేవారు. భారం ఎక్కువగా వచ్చే చోట దుంగలను ఒక వరుస నిలువుగా, దానిపై మరొక వరుస అడ్డంగా, చదరపు గూడులాగా పైకప్పు తగిలేవరకు పేర్చేవారు. ఒంటి దుంగ పక్కకు ఒరగవచ్చు. గూడు ఒరగదు, ఎందుకంటే దాని అడుగు వెడల్పు ఎక్కువ. పైగా కొయ్య ఒక్కసారిగా పగలదు. భారం మించినప్పుడు అది ముందుగా మూలుగుతుంది, నార చీలుతుంది. ఆ చప్పుడు విని కార్మికులు తప్పుకొనటానికి కొంత వ్యవధి దొరుకుతుంది. తరువాతి కాలంలో ఉక్కు ఆధారాలు, పైకప్పులో బిగించే బోల్టులు వచ్చినవి, సూత్రం మారలేదు.

ఇంట్లో బండి కింద ఇటుక పెట్టేవారు ఈ విషయం జ్ఞాపకం ఉంచుకొనాలి. ఇటుక, లోపల డొల్లగా ఉండే సిమెంటు దిమ్మె చూడటానికి గట్టివే. కాని ఒక మూల మీద భారం పడితే అవి ఏ సూచనా లేకుండా పెళుసుగా పగిలిపోతాయి. చీలికలు లేని మంచి కొయ్య మొద్దు వాటికన్న నమ్మదగినది.

జాకీ రాక

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమైనది. క్రమంగా బస్సులూ లారీలూ జిల్లాలకు వ్యాపించినవి. వాటితోపాటు ఒక కొత్త సాధనం, ఒక కొత్త మాట పల్లెలకు చేరినవి. ఆ సాధనం జాకీ.

మర జాకీ అంటే నిలువు కడ్డీ చుట్టూ చుట్టిన ఏటవాలు తలమే. పిడిని ఎన్నో చుట్లు తిప్పితే భారం కొద్దిగా లేస్తుంది. మరలోని ఘర్షణ వల్ల పిడి వదలినా అది వెనుకకు తిరగదు. ద్రవంతో పనిచేసే జాకీకి మూలం 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన నియమం. మూసిన పాత్రలోని ద్రవంపై ఒక చోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. దీని ఆధారంగా 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ద్రవ పీడన యంత్రానికి పేటెంటు పొందాడు. 1851లో న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ చేతితో మోసుకుపోదగిన ద్రవ జాకీకి పేటెంటు పొందాడు.

ద్రవ జాకీ టన్నుల బరువును ఒక చేతితో ఎత్తగలదు. కాని ఆ బరువును మోసేది లోపలి నూనె. నూనెను ఆపేది ఒక చిన్న కవాటమూ, రబ్బరు వంటి మెత్తని ఒక వలయమూ. అవి అరిగితే నూనె జారుతుంది, జాకీ దిగుతుంది. మర జాకీ దిగదు గాని సన్నని అడుగు మీద నిలుస్తుంది గనుక పక్కకు ఒరగవచ్చు. అందుచేతనే లోకమంతటా మరమ్మతు శాలలలో ఒక నియమం ఏర్పడినది: జాకీతో ఎత్తి, స్టాండుపై దించి, అప్పుడే పనికి దిగాలి. గడ్డపారతో లేపి మొద్దుపై దించిన బండివాని పద్ధతి ఇదే.

రెండు చక్రాల చిక్కు

నాలుగు చక్రాల బండి తనంత తానే నిలుస్తుంది. రెండు చక్రాలు ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న బండి ఆగితే పడుతుంది. 1885లో జర్మనీలో డైమ్లర్, మైబాహ్‌లు నిర్మించిన తొలి పెట్రోలు మోటారు సైకిలుకు పడిపోకుండా ఇరుపక్కల రెండు చిన్న చక్రాలు అమర్చినారు. 1894లో మ్యూనిక్‌లో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ల మోటారు సైకిలు అమ్మకానికి వచ్చినది.

అప్పటికి చక్రం కూడా మారినది. రబ్బరు గొట్టంలో గాలి నింపే ఆలోచనకు 1845లోనే రాబర్ట్ థామ్సన్ పేటెంటు పొందినా, అది 1888లో డన్‌లప్ చేతిలోనే ప్రచారంలోకి వచ్చినది. ఇనుప పట్టా వేసిన బండి చక్రానికి కందెన కావాలి. గాలి చక్రానికి ముల్లు గుచ్చుకుంటే మరమ్మతు కావాలి. కారణం మారినది గాని చక్రం విప్పవలసిన అవసరం పోలేదు.

అందుచేత మోటారు సైకిలు తయారుచేసేవారు ఎత్తే సాధనాన్ని బండికే అతికించినారు. పాతకాలపు వాహనాలకు వెనుక చక్రం చుట్టూ తిరిగే ఇనుప కమ్మీ స్టాండు ఉండేది. దానిని కిందికి వాల్చి బండిని వెనుకకు లాగితే వెనుక చక్రం నేల వదిలేది. తరువాత మధ్య స్టాండు వాడుకలోకి వచ్చినది. 1955లో మదరాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్ వాహనాలను దేశంలోనే తయారుచేయసాగినది. 1960 దశాబ్దంలో మైసూరు నుండి జావా, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్, 1985లో హీరో హోండా వచ్చినవి. ఉపాధ్యాయులు, రైతులు, వర్తకులు పల్లె బాటలలో వీటిని విరివిగా వాడినారు. 

స్కూటరు మరొక మార్గం తొక్కినది. 1946లో ఇటలీలో వెస్పాను రూపొందించిన కొరాదీనో దాస్కానియో విమాన ఇంజనీరు. ఆయన చక్రాన్ని రెండు చేతుల మధ్య కాక, విమానపు చక్రంలాగా ఒక పక్కనే బిగించాడు. కొన్ని నట్లు విప్పితే చక్రం పక్కకు వచ్చేస్తుంది. అదనపు చక్రాన్ని మోసుకుపోయే వీలు కూడా కలిగినది. చక్రం విప్పే మనిషి కష్టాన్ని ముందే తలచి గీసిన నమూనా అది.

మధ్య స్టాండులోని కిటుకు

మధ్య స్టాండు వేసేవారిలో చాలామంది బండిని చేతులతో పైకి లాగుతారు. నడుము పట్టటానికి అదే కారణం. స్టాండుకు పక్కన పొడుచుకొని వచ్చిన కొమ్మ ఒకటి ఉంటుంది. అదే తులాదండపు పొడవైన భుజం. రెండు పాదాలూ నేలకు సమంగా తగిలినవని చూచి, మనిషి తన శరీర భారాన్ని ఆ కొమ్మ మీద మోపితే బండి తనే వెనుకకు జరిగి పైకి లేస్తుంది. చేతులు దానిని నిలువుగా ఉంచటానికి మాత్రమే.

లేచేటప్పుడు స్టాండు కాళ్ళు నిలువు రేఖను దాటి కొద్దిగా అవతలికి పోయి, ఒక అడ్డుకు తగిలి ఆగుతాయి. ఆ తరువాత బండి బరువే స్టాండును ఆ అడ్డుకు నొక్కి ఉంచుతుంది. ఎత్తిన బరువు చేతనే దానిని నిలపటం ఇందులోని తెలివి. అయితే ఇది ఒక దిక్కులోనే పనిచేస్తుంది. బండిని గట్టిగా ముందుకు తోస్తే స్టాండు తిరిగి ముడుచుకుంటుంది. వెనుక చక్రపు నట్టు రాక దానితో పెనుగులాడేటప్పుడు బండి దొర్లి పడటానికి కారణం ఇదే.

గరిమనాభి దృష్టితో చూస్తే మరొక విషయం తెలుస్తుంది. సాధారణంగా మధ్య స్టాండు రెండు పాదాలూ, ముందు చక్రమూ కలిసి ఒక త్రిభుజం ఏర్పడుతుంది. గరిమనాభి నుండి దించిన నిలువు గీత ఆ త్రిభుజంలో ఉన్నంతవరకు బండి నిలుస్తుంది. వెనుక చక్రాన్ని తీస్తే వెనుక భారం తగ్గి, గరిమనాభి కొంచెం ముందుకు జరిగి, త్రిభుజం లోపలికే పోతుంది. కాబట్టి బండి నిలుస్తుంది. ముందు చక్రాన్ని తీస్తే త్రిభుజపు ఒక మూలే పోయినట్లు. బండి ముందుకు వాలిపోతుంది. అందుచేత ముందు చక్రం విప్పేముందు ఇంజను కింద, చట్రంలో భారం మోయగల భాగానికి, వెడల్పైన మొద్దుతో కొత్త ఆధారం కల్పించాలి. పొగ గొట్టం భారం మోసేది కాదు.

ఇంటి ముంగిట

బండివాని వరుసనే మోటారు సైకిలుకు అన్వయిస్తే ఇంట్లో పని ఇట్లా సాగుతుంది.

ఇంజనూ, పొగ గొట్టమూ చల్లారేవరకు ఆగాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. గట్టి నేలను, చదునైన చోటును ఎంచుకొనాలి. బిగుసుకొన్న నట్లను చక్రాలు నేల మీద ఉండగానే వదులు చేయాలి, పూర్తిగా తీయకూడదు. పెద్ద బలం కావలసిన పని అంతా బండి ఎత్తక ముందే ముగియాలన్నది దీని సారం.

వెనుక చక్రాన్ని 2 సెంటీమీటర్ల మందం గల పలక మీదికి నడిపితే స్టాండు వేయటం తేలిక అవుతుంది. తరువాత పలకను లాగివేస్తే చక్రం కింద ఖాళీ కూడా పెరుగుతుంది. బండి లేచిన పిమ్మట ముందు చక్రానికి ముందూ వెనుకా రాళ్ళు పెట్టాలి. ముందు బ్రేకు పిడిని తాడుతో బిగించి కట్టాలి. స్టాండు కాలిని ముందున్న చట్రానికి మరొక తాడుతో కడితే అది వెనుకకు ముడుచుకొనే వీలు ఉండదు. అప్పుడు బండిని చేతితో మెల్లగా కదిపి చూడాలి. అది కదలినట్లయితే నట్టు మీద చేయి వేయకూడదు.

మధ్య స్టాండు లేని వాహనాలు నేడు చాలా ఉన్నవి. వాటిని పక్క స్టాండు మీదికి వంచి, రెండవ వైపు కర్ర పోటు పెట్టి చక్రం విప్పటం మిక్కిలి ప్రమాదం. రెండు సన్నని మొనల మీద నిలిచిన బండికి గట్టి ఆధారం ఉండదు. వెనుక చక్రపు చేతులను రెండు వైపులా పట్టి ఎత్తే విడి స్టాండు దొరుకుతుంది. అది లేనప్పుడు మరమ్మతు దుకాణానికి పోవటమే వివేకం.

నేల సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. ఆదిలాబాదు పత్తి పొలాల నల్లరేగడి ఎండలో రాయి, వానలో బురద. మధ్య స్టాండుపై 120 కిలోల భారం పడుతున్నదనీ, రెండు పాదాల వైశాల్యం మొత్తం 20 చదరపు సెంటీమీటర్లనీ అనుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద 6 కిలోల భారం ఉంటుంది. తడిసిన రేగడి దానికి ఆగదు. ఒక పాదం దిగితే బండి ఆ వైపుకు ఒరుగుతుంది. పాదాల కింద 60 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల మందపాటి పలక వేస్తే అదే భారం 1200 చదరపు సెంటీమీటర్ల మీద పరచుకొంటుంది. అప్పుడు పీడనం 0.1 కిలోకు, అంటే 60వ వంతుకు తగ్గుతుంది.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు ఈ సూత్రాలను ఖర్చు లేకుండా చూపవచ్చు. పొడుగాటి కొలబద్ద కింద పెన్సిలు పెట్టి, ఒక చివర పుస్తకాల కట్టను మరో చివర వేలితో లేపించాలి. తరువాత వేలు తీయకుండా పుస్తకాల కింద సుద్దపెట్టె దూర్చమని మరొక విద్యార్థికి చెప్పాలి. వేలు తీసినప్పుడు సుద్దపెట్టె ఉన్న కట్ట నిలుస్తుంది, లేని కట్ట పడుతుంది. మధ్య స్టాండు గల పాత సైకిలు బడిలో ఉంటే, దాని స్టాండు పాదాలను, ముందు చక్రం తాకే చోటును నేల మీద సుద్దతో గుర్తించి కలిపితే త్రిభుజం కళ్ళకు కనబడుతుంది. సైకిలు హాండిలును మెల్లగా పక్కకు వంచి, ఎంత ఒరిగితే ఒక స్టాండు పాదం నేల వదులుతుందో ఇద్దరు విద్యార్థులు పట్టుకొని ఉండగా చూపవచ్చు.

పాఠ్యపుస్తకంలో తులాదండం, పీడనం, గరిమనాభి మూడు వేర్వేరు పాఠాలుగా ఉంటాయి. చక్రం విప్పే మనిషికి అవి మూడూ ఒకేసారి, ఒకే చోట ఎదురవుతాయి. సెలవునాడు ఇంటి ముందు బండి చక్రం విప్పుతున్న పెద్దలకు, "నట్టు తీసేముందు రాళ్ళు పెట్టినారా?" అని అడగగలిగిన విద్యార్థికి ఆ మూడు పాఠాలూ వచ్చినట్లే.